సర్దిచెప్పడంలో రెండు

"నేను గండికి రాను పాపా. రెండుగాణ్ణి నేనెందుకు మీకు? ఆరు ఉండేవాణ్ణి ఎవుణ్ణన్నా చూసుకోని, వాని ఒళ్లో కూర్చోబెట్టి తీపీండి పుట్టెంట్రుకలు."

పులివెందుల నుంచి వీరన్న ఆ ముక్క చెప్పి ఫోను పెట్టేశాడు. ప్రొద్దుటూరులో సుధ చేతిలో దువ్వెన అట్లాగే ఆగిపోయింది. ఆమె మోకాళ్ల మధ్య కొడుకు అంజి నిలబడి ఉన్నాడు. వాడికి మూడో ఏడు నడుస్తోంది. పుట్టినప్పటి నుంచి కత్తెర తగలని జుట్టు కళ్ల మీదికి పడుతుంటే, ఏదైనా చూడాలనుకున్నప్పుడు వాడు దుకాణం షట్టరు ఎత్తినట్టు రెండు చేతులతో జుట్టు పైకెత్తి చూస్తాడు. చూడటం అయిపోయాక వదిలేస్తాడు.

గండి ఆంజనేయస్వామికి మొక్కుకుని కన్న కొడుకు. పేరు కూడా ఆ స్వామిదే. పుట్టువెంట్రుకలు బేసి ఏట తీయించాలి, మేనమామ ఒళ్లో కూర్చోబెట్టి తీయించాలి. వచ్చే నెల దాటితే మూడో ఏడు అయిపోతుంది. ఆ తరువాత అయిదో ఏడు దాకా ఆగాలి. ఇక మేనమామల సంగతి చూస్తే, సుధకు అన్న ఒక్కడే.

ఆ ఒక్క అన్నకూ కోపం వచ్చింది. పొలం గట్టు దగ్గరో, పెట్టుపోతల దగ్గరో వచ్చిన కోపమైతే తీర్చే దారులు లోకానికి తెలుసు. ఇది ఒక అంకె మీద వచ్చిన కోపం. ఆ అంకె వేసింది సుధే. వేసింది ఒక ఆటలో.

ఆట సుధ మరిది మోహన్‌ది. అతను బెంగళూరు కంపెనీకి ఇంట్లో కూర్చుని పనిచేస్తాడు. ఆదివారం మధ్యాహ్నం మేడ మీద గదిలో బల్ల వేసి, చుట్టూ మనుషులను కూర్చోబెట్టి ఒక ఆట నడుపుతాడు. అందులో గవ్వలూ పేకముక్కలూ ఉండవు. ఒక్కొక్కరు ఒక్కొక్క పాత్ర అవుతారు. నేను వీరుణ్ణి అంటాడొకడు, నేను దొంగను అంటాడొకడు. ఏం చేస్తారో నోటితో చెప్పి పాచిక వేస్తారు. అది అయిందో లేదో పాచిక చెబుతుంది. మోహన్ స్నేహితుడు ఇలియాస్, బంగారు నగలకు మెరుగు పెట్టేవాడు, ఒకటి నుంచి ఆరు దాకా చుక్కలు పెట్టి ఇత్తడి పాచిక చేసి తెచ్చాడు. పక్కింట్లో అద్దెకుండే శ్వేత జమ్మలమడుగులో జూనియర్ కాలేజీ లెక్చరరు. ఆమె మూడో మనిషి.

సుధ మొదట టీలు ఇవ్వడానికే మేడెక్కేది. డిగ్రీలో లెక్కలు చదివిన మనిషి కాబట్టి, గ్లాసులు పెట్టి వెంటనే దిగేది కాదు. ఒకరోజు శ్వేత ముందున్న కాగితం తీసి చూసింది. కత్తిసాము ఆరు, తాళాలు తెరవడం ఆరు, ఈత ఆరు, గోడలెక్కడం ఆరు.

"ఇవన్నీ ఈ పిల్లకే వచ్చునా?" అంది.

"వచ్చు వదినా. వీరురాలు కదా," అన్నాడు మోహన్.

"ఈమెకు ఎవురూ లేరా?"

"ఎవురూ లేరంటే?"

"తాళం తెరవల్లంటే తనే తెరవల్ల, ఏరు దాటల్లంటే తనే ఈదల్ల. పాపం, దిక్కులేని పిల్ల మాదిరుంది. మనూర్లో ఎవురన్నా తన పని తను చేసుకుంటాడా మోహనా? బోరు చెడిపోతే నువ్వు బాగుచేస్తావా? 'మా చిన్నాయన తోడల్లునికి తెలిసినాయన ఉండాడు' అని ఫోను చేస్తావు. అది నీకొచ్చిన విద్య."

మోహన్ నవ్వబోయి ఆగిపోయాడు. పోయినవారం బోరు సంగతి సరిగ్గా అట్లాగే జరిగింది.

అట్లా మొదలైంది. పై ఆదివారానికి సుధ కొత్త పద్ధతి కట్టుకుని వచ్చింది. పాత్రలకు సొంత విద్యలంటూ ఉండవు, చుట్టాలుంటారు. ఒక్కో చుట్టానికి ఒక్కో విద్య, ఆ విద్యకు ఒకటి నుంచి ఆరు దాకా ఒక అంకె. పాచిక ఆ అంకెకు మించకుండా పడితే పని చక్కగా అవుతుంది. మీరి పడినా పని అవుతుంది, కానీ దానితోపాటు ఇంకో పని తగులుకుంటుంది. ఎందుకంటే, చుట్టం వచ్చాక పని కాకపోవడమనేది ఉండదు, తనకు తోచినట్టు ఏదో ఒకటి చేసే పోతాడు. ఎవరి సాయమైతే తీసుకున్నామో వాళ్లింట్లో తరువాత జరిగే కార్యానికి వెళ్లి తీరాలి, లేకపోతే ఆ చుట్టం మళ్లీ పలకడు. చివరి నియమం అన్నిటికంటే గట్టిది. వేసిన అంకెను నోటితో మార్చడానికి లేదు. పాచిక ముందు పని చక్కగా చేసి చూపిస్తేనే ఒకటి పెరుగుతుంది.

శ్వేత ఉత్సాహంగా మొదటి చుట్టాన్ని రాసుకుంది. రణధీరవర్మ, మేనమామ, కత్తిసాము ఆరు.

"వాళ్లదేవూరు?" అని అడిగింది సుధ.

"ఊరా? ఊహించిందక్కా."

"మొన్న మీ అక్క సీమంతానికి వచ్చినాడా?"

"రాలేదు. అంటే... లేడు కదా."

"సొంత మేనమామ అయ్యుండి సీమంతానికి రానోడు, నువ్వు పిలిస్తే కత్తి తీసుకోని కోటకొస్తాడా? కొట్టెయ్."

శ్వేత కొట్టేసింది. లేనివాళ్లకు అంకె వేస్తే దానికి సాక్ష్యమేదని సుధ వాదన. ఉన్నవాళ్లకైతే ఎవరెంతో ఊరందరికీ తెలుసు. ఆ మాట అందరికీ సబబుగానే తోచింది. ఆటలోకి నిజం చుట్టాలు వచ్చింది అట్లా. అక్కడే పొరపాటు జరిగిందని ఆరోజు ఎవరికీ తట్టలేదు.

ఆట మాత్రం రక్తి కట్టింది. కోటలో నిధి ఉంది. దానికి కాపలా ఒక పెద్ద రెక్కల బల్లి. ఇంగ్లీషు పుస్తకంలో దాని పేరు వేరే ఉన్నా ప్రొద్దుటూరులో అది బల్లే అయింది. వీరులు కోట తలుపు దాకా వచ్చారు. తాళం తీయడానికి ఇలియాస్ వాళ్ల పెద్దమామను పిలిపించాడు. పాచిక మీరి పడింది. తాళం వచ్చింది, పెద్దమామ తలుపు కూడా ఊడదీసి, కొత్త తలుపుకు మంచి టేకు యాడ దొరుకుతుందో బల్లికి చెబుతూ కూర్చున్నాడు. ఆయన కూతురి గృహప్రవేశం జమ్మలమడుగులో వచ్చి పడితే, వీరులు నిధిని వదిలేసి అక్కడికి పోవాల్సి వచ్చింది. అక్కడ వంటాయన సాయం తీసుకున్నందుకు ఇంకో పెండ్లి తగులుకుంది. నెల తిరిగేసరికి వీరులు ఏడు భోజనాలు చేశారు, బల్లి వైపు ఒక్క అడుగు పడలేదు.

"ఇట్లయితే బల్లిని చంపేదెప్పుడు?" అన్నాడు మోహన్, తల పట్టుకుని.

"బల్లికి తెలిసినోళ్లు ఎవురన్నా ఉండారేమో కనుక్కోండి. చంపడమెందుకు?" అంది సుధ.

ఆ కోట వాకిట్లోనే ఇద్దరు కాపలావాళ్లు కొట్టుకుంటున్నారు. వాళ్లకు సర్దిచెప్పే మనిషి కావాలి. ఎవరి చుట్టాల్లోనూ అట్లాంటివాడు లేడు.

"మా అన్న ఉండాడు," అంది సుధ. "వీరన్న. పులివెందుల. సర్దిచెప్పడం, రెండు."

అందరూ ఆమె వైపు చూశారు. పులివెందుల చుట్టుపక్కల గొర్రెల దొడ్ల తగాదా అయినా, మొగుడూ పెండ్లాల తగాదా అయినా వీరన్న మంచం దగ్గరికే వస్తుందని వాళ్లకు తెలుసు.

"సొంత అన్నకు రెండేనా వదినా?" అన్నాడు ఇలియాస్.

"ఉన్నమాట వేసినా. ఒకపారి బస్సులో ఇద్దరు ఒక సీటు కోసం తగువులాడుకుంటాంటే మా అన్న లేచి సర్దిచెప్పినాడు. వాళ్లిద్దరూ సర్దుకోని ఒకడు ఆ సీట్లో, ఇంకొకడు మా అన్న సీట్లో కూర్చున్నారు. నిలబడినందుకు మా అన్న కండక్టరుతో తగువు పెట్టుకున్నాడు. దొడ్డి కాడ అన్నదమ్ములిద్దరినీ కలిపినాడు. ఆ పొద్దుటి నుంచి వాళ్ల పెండ్లాలు మాట్లాడుకోరు. అంతకుముందు ఒకే కంచంలో తినేటోళ్లు."

"మరి ఆ రెండైనా ఎందుకు?"

"పిలిస్తే వస్తాడు. పిలవకున్నా వస్తాడు. దానికి రెండు."

ఆటలోని సంగతి మేడ దిగకుండా ఉండవలసింది. కానీ ఇలియాస్ వాళ్లమ్మ హజరాబీకి బేరమాడటంలో అయిదు వేశారు. ఇలియాస్ ఆ సంతోషం ఆపుకోలేక ఇంట్లో చెప్పాడు. మరునాడే హజరాబీ వచ్చి వాకిట్లో నిలబడింది.

"ఐదేనా? ఆరెవురికిచ్చినావు?"

"మా ఈశ్వరమ్మ వదినకత్తా. పోయిన వస్తువులు వెతకడంలో."

హజరాబీ కాసేపు ఆలోచించింది. "ఆమెకా? సరే, న్యాయమే. పోయినేడు ఉరుసులో నా కమ్మ పోతే ఫోన్లోనే చెప్పె, యాడ చూడల్లో."

ఆ రోజు నుంచి హజరాబీ బట్టల బజారులో అడుగు పెడుతూనే "నేను ఐదు" అనేది. దుకాణాలవాళ్లు బేరం లేకుండానే దిగివచ్చేవారు. సుధ భర్త రాఘవేంద్రదీ అదే బజారులో చీరల కొట్టు. "నీ ఆట పుణ్యమా అని నా కొట్లో అసలు ధరకే పోతాండాయి చీరలు," అని అతను మొత్తుకున్నాడు.

తరువాత ఇంటికి మనుషులు రావడం మొదలైంది. ఎదురింటి రిటైరైన టీచరు తన అంకె ఎంతో కనుక్కుపోయాడు, మళ్లీ వచ్చి, అది చేతిరాతకా, చదువు చెప్పడానికా అని అడిగిపోయాడు. జమ్మలమడుగు ఫోటోగ్రాఫరు నూర్ అహ్మద్ అయితే, తనను ఆటలో వేసుకొమ్మని చెప్పించడానికి ఇద్దరు పెద్దమనుషులను వెంటపెట్టుకుని వచ్చాడు. "ఒకటైనా పర్వాలేదమ్మా. దేంట్లోనన్నా సరే. మా బామ్మర్దికి మూడుండాదంట, ఇంట్లో నాకు తల ఎత్తే పని లేదు," అన్నాడు. సుధ అతను తీసిన పెళ్లి ఫోటోలు రెండు చూసి, చాలాసేపు ఆలోచించి, తలలు తెగకుండా ఫోటో తీయడంలో రెండు వేసింది. అతను కళ్లు తుడుచుకుని వెళ్లాడు.

ఇట్లా ప్రొద్దుటూరు, జమ్మలమడుగు తిరిగిన మాట పులివెందుల చేరకుండా ఉంటుందా? ఈశ్వరమ్మే చేరవేసింది. వీరన్న భార్య ఆమె. పెళ్లయినప్పటి నుంచి మొగుడి గొప్ప వింటూ పొయ్యి ఊదిన మనిషి. ఒక పొద్దున గొర్రెలకు నీళ్లు పెడుతూ అనేసింది. "ఏమయ్యా, ఇంటివా? నేను ఆరంట. మీ చెల్లెలు వేసింది. నువ్వు రెండంట."

వీరన్న మొదట నవ్వాడు. సాయంత్రం టీ కొట్టు దగ్గర ఎవడో "రెండన్నా, రా, టీ తాగుదువు" అన్నాడు. మరునాడు బోరు నీళ్ల దగ్గర తగువు పడిన ఇద్దరు రైతులు ఆయన ఇంటి ముందు నుంచే నడిచిపోయి, ఆ పై వీధిలో ఇంకొకాయన దగ్గర కూర్చున్నారు. ఆ సాయంత్రమే వీరన్న సుధకు ఫోను చేశాడు. ఆ మాటలే మొదట విన్నాం.

ఫోను పెట్టేశాక సుధ జరిగింది భర్తకు చెప్పింది.

"ఇంతేనా? ఆరు రాసేయ్," అన్నాడు రాఘవేంద్ర. "ఏం పోతుంది? కాయితమే కదా."

"మీ కొట్లో మీటరు కర్ర రవ్వంత పొట్టిదైతే ఏం పోతుంది?"

"అదీ ఇదీ ఒకటేనా?"

"కర్రే కదా."

అంజి షట్టరెత్తి తండ్రిని ఒకసారి, తల్లిని ఒకసారి చూసి దించుకున్నాడు.

సుధకు అన్న మీద ప్రేమ లేక కాదు. ఆయన కాపు కాచే చెట్టు మీద పిందె కూడా ముందు ఆమెకే వచ్చేది. కానీ ఒక్క అన్న కోసం అంకె మార్చితే, రేపు నూర్ అహ్మద్ కళ్లు తుడుచుకున్న రెండుకు అర్థమేముంది? హజరాబీ అయిదుకు అర్థమేముంది? అట్లాగని కొడుకు జుట్టు మీద మొక్కు మిగిలిపోతే స్వామికి ఏం చెప్పాలి? 'స్వామీ, నియమం ఒప్పుకోలేదు' అని చెప్పాలా? కూరలో ఉప్పు వేసిందో లేదో కూడా తెలియకుండా ఆ వారం గడిపింది.

చివరికి హజరాబీ నడుం కట్టింది. "నేను ఐదు కదా, నేను పోయొస్తా. మీ అన్నతో బేరమెంత?" అని పొద్దున బస్సెక్కి సాయంత్రానికి తిరిగొచ్చింది. ముఖం వెలిగిపోతోంది.

"మూడున్నరకు ఖాయం చేసినా!"

"మూడున్నరా?"

"ఆరు కాడ మొదలుపెట్టె. నేను ఒకటన్నా."

"ఒకటన్నావా? ఆయనది రెండు కదత్తా!"

"బేరమన్నాక తక్కువ కాడ మొదలుపెట్టకపోతే ఎట్లా? 'ఒకటా?' అని లేచినాడు. నేనూ లేచినా. గడప దాటినాక మల్ల పిలిచినాడు. ఐదన్నాడు, రెండంటి. నాలుగన్నాడు. ఆఖరికి మూడున్నర. మీ వదిన మజ్జిగిచ్చె."

"అరలుండవత్తా మా ఆటలో."

హజరాబీ నీరుగారిపోయింది. "అర కాడికి దించేదానికి ఎంత నోరు పోగొట్టుకున్నానో నీకేం తెలుసు," అంది. రాత్రికి ఈశ్వరమ్మ ఫోను చేసి, ఆయనకు ఇప్పుడు రెండు కోపాలు ఉన్నాయనీ, రెండోది ఒకటి అన్నందుకనీ చెప్పింది.

ముహూర్తం మాత్రం మారలేదు. శనివారం పొద్దున వ్యాను మాట్లాడుకుని అందరూ గండికి బయలుదేరారు. సుధ, రాఘవేంద్ర, అంజి, మోహన్, హజరాబీ, ఇలియాస్. శ్వేత కాలేజీకి సెలవు పెట్టి మరీ వచ్చింది. మేనమామ లేకుండా ఎందుకు పోతున్నారంటే, "మా వదిన ఉండాది" అని మాత్రం అంది సుధ.

అన్నట్టే ఈశ్వరమ్మ పోయిన వస్తువును తెచ్చింది. కొండను చీల్చుకుని పాపఘ్ని వచ్చే చోట, మెట్ల మీద, ఇస్త్రీ పంచె కట్టుకుని వీరన్న కూర్చుని ఉన్నాడు. వీపు మాత్రం వీళ్ల వైపు.

"దొడ్లో గొర్రెల మధ్య ఒంగోని కూర్చోనుండె," అంది ఈశ్వరమ్మ గొంతు తగ్గించి. "చెవు పట్టుకోని తెచ్చినా. స్వామి కోసం వచ్చినాడంట, మీ కోసం కాదంట."

కల్యాణకట్టలో గుండు గీసే ఆయన కత్తి తుడుచుకుని కేకేశాడు. "పిల్లోడొచ్చినాడు సరే, ఒడి యాడమ్మా? వెనకాల వరస చూడండి!"

"ఒడి ఆ మెట్ల మీద ఉండాది," అన్నాడు మోహన్.

"పిలుచుకోని రాండి మరి, లేదంటే పక్కకు జరగండి!"

రాఘవేంద్ర వెళ్లి పిలిచాడు. వీపు కదలలేదు. హజరాబీ దూరం నుంచే "నాలుగు!" అని అరిచింది. వీపు కదలలేదు. కోతి ఒకటి వచ్చి ఆయన పక్కన కూర్చుని, అది కూడా వీపు తిప్పుకుంది.

"వదినా," అన్నాడు మోహన్, "ఇప్పుడు మనకు కావాల్సింది సర్దిచెప్పేవాడు. మన ఆటలో ఆ విద్య ఉండేది ఎవురికి?"

"ఒక్కడికే," అంది సుధ. అంటూనే ఆమె కళ్లు పెద్దవయ్యాయి. కొంగు నడుముకు దోపుకుని మెట్ల దగ్గరికి వెళ్లి నిలబడింది.

"అన్నా, ఒక పంచాయితీ ఉండాది. నువ్వే చెప్పల్ల."

వీపు కొంచెం కదిలింది. "ఎవురి మధ్య?"

"ఒక అన్నకూ చెల్లెలికీ."

"ఇద్దురూ వచ్చినారా?"

"వచ్చినారు."

వీరన్న గొంతు సవరించుకున్నాడు. తువ్వాలు దులిపి భుజాన వేసుకున్నాడు. పంచాయితీ అని పిలిస్తే ఇటు తిరగకుండా ఉండటం ఆయన వల్ల కాదు. తిరిగాడు. "అన్నను ముందు మాట్లాడనీ," అన్నాడు. చుట్టూ చూశాడు. ఆ అన్న ఎవరో గుర్తొచ్చి, లేచి, రెండు మెట్లు కిందికి దిగి కూర్చున్నాడు.

"అయ్యా," అన్నాడు పై మెట్టు వైపు చూసి, "నా సొంత చెల్లెలు నాకు రెండేసింది. ఊరంతా నవ్వుతాండారు. మీరే న్యాయం చెప్పల్ల." లేచి మళ్లీ పైకి వెళ్లి కూర్చున్నాడు. "విన్నాం. ఏమ్మా, ఎందుకేసినావు రెండు?"

సుధ బస్సు సీటు సంగతి చెప్పింది. దొడ్డి సంగతి చెప్పింది. పెద్దమనిషి కింది మెట్టు వైపు తిరిగి "నిజమా?" అన్నాడు. కిందికి దిగి "నిజమే, కానీ కండక్టరుది తప్పు" అన్నాడు. పైకెక్కి "కండక్టరు మాట ఈడ రాదు, అడిగిందానికి చెప్పు" అని ఖాళీ మెట్టును గద్దించాడు.

జనం మూగారు. అప్పుడే గుండు చేయించుకున్న వాళ్లు చందనం పూసుకున్న తలలతో మెట్ల చుట్టూ చేరారు. గుండు గీసే ఆయన కూడా కత్తి చేతిలో పట్టుకుని వచ్చి నిలబడ్డాడు.

"అన్నను ఒక మాట అడుగుతాండా," అన్నాడు పై మెట్టు మీది వీరన్న. "రెండంటే మాత్రం అంత బాధేందప్పా నీకు? గొర్రెలు లేవా? ఇల్లు లేదా?"

దిగి కింద కూర్చున్నాడు. ఈసారి తువ్వాలు తీసి ఒళ్లో పెట్టుకున్నాడు.

"నా మంచం మీద మొన్నటి దాకా నాకే జాగా ఉండేది కాదయ్యా," అన్నాడు మెల్లగా. "ఒకడు తలగడ కాడ, ఒకడు కాళ్ల కాడ. తగువు తీరినా తీరకున్నా వచ్చి కూర్చునేటోళ్లు. ఇప్పుడు నేనొక్కణ్ణే కూర్చుంటాండా. మంచం శానా పెద్దదయిపోయింది."

మంచం సంగతి సుధ అనుకోలేదు. ఆరు అనెయ్యాలని నోటి దాకా వచ్చింది. కానీ వీరన్న అప్పటికే పైకెక్కి కూర్చుని, "మంచం మాట కూడా ఈ పంచాయితీలో రాదు. ఇద్దురి మాటా విన్నాం. ఇంగ తీర్పు" అన్నాడు.

ఇలియాస్ జేబులోంచి ఇత్తడి పాచిక తీసి పెద్దమనిషి చేతిలో పెట్టాడు. రెండుకు మించకుండా పడితే పని చక్కగా అవుతుంది, అంకె కూడా మూడవుతుంది. శ్వేత కళ్లు మూసుకుంది. హజరాబీ కూడా బేరం మాని పెదవులు కదుపుతూ ఏదో చదువుకుంది. పాచిక మెట్ల మీద టంగు టంగుమని దొర్లి, కోతి కాలి దగ్గర ఆగింది. కోతి వంగి చూసింది. అందరూ వంగి చూశారు.

నాలుగు.

"మీరి పడింది," అన్నాడు మోహన్. "పని అవుతుంది. ఇంకోటి తగులుకుంటుంది."

వీరన్న దేనికీ చెదరలేదు. "చెల్లెలు కంటితో చూసింది వేసింది. ఆమెది తప్పు లేదు. అన్న మానం కలిగినోడు, కోపమొచ్చింది. ఆయనది తప్పు లేదు. ఇద్దురూ ఈ పొద్దు నుంచి కలిసుండల్ల." అందరూ ఊపిరి వదిలారు. ఈశ్వరమ్మ ముఖం తిప్పుకుని కళ్లొత్తుకుంది. అంజిని సుధ ఎత్తుకుని మెట్టెక్కబోయింది.

"ఆగండి," అన్నాడు వీరన్న. "ఇద్దురిదీ తప్పు లేదంటే, తప్పు యాడికి పోయింది? ఊరికే పోదు కదా. 'ఆరు రాసేయ్, ఏం పోతుంది, కాయితమే కదా' అన్నదెవురు? నాకన్నీ చేరినాయి. మా బావ! చెల్లెలు రెండేసినా చూసి, ఆలోచించి వేసింది. ఈయన చూడకుండా ఆరిస్తానన్నాడు. అంటే నా ఆరుకు విలువే లేదనే కదా? తప్పు రాఘవేంద్రది. ఆయన క్షమాపణ చెప్పల్ల."

"నాదా?" అన్నాడు రాఘవేంద్ర. "నీ తరఫున మాట్లాడినందుకా బావా? వ్యాను మాట్లాడింది నేను, పిలిచేదానికి వచ్చింది నేను, తప్పు నాదా?"

"తీర్పయిపోయింది," అన్నాడు వీరన్న.

ఆ తరువాత అంతా తొందరగా జరిగిపోయింది. వీరన్న కల్యాణకట్టలో బాసీపట్టు వేసి కూర్చున్నాడు. అంజి ఆయన ఒళ్లోకి చేరాడు. మేనమామ మొదటి కుచ్చు కత్తిరించాడు. తరువాత కత్తి నడిచింది. వాడు ఏడ్చాడు, ఏడుస్తూనే అలవాటు కొద్దీ రెండు చేతులూ ఎత్తి షట్టరు కోసం వెతుక్కున్నాడు. అక్కడ ఏమీ లేదు. ఎత్తకుండానే కొండా, ఏరూ, కోతులూ అన్నీ కనిపిస్తున్నాయి. ఏడుపు ఆపి తలెత్తి, కొత్త మనిషిని చూసినట్టు మామ ముఖం చూశాడు.

రాఘవేంద్ర మాత్రం వెళ్లి మెట్ల మీద, వీరన్న కూర్చున్న చోటే, వీపు ఇటు పెట్టి కూర్చున్నాడు. పక్కన కోతి ఇంకా ఉంది. పులిహోర కట్టిన ఆకు మోహన్ తీసుకెళ్లి ఇస్తే, అతను వద్దన్నాడు. కోతి తీసుకుంది.

వీరన్న మేనల్లుడి గుండుకు చందనం రాస్తూ అటు చూశాడు. "పాపం, బావకు కోపమొచ్చినట్టుండాదే. ఉండండి, పోయి నేను సర్దిచెప్తా."

"వద్దు!" అన్నారు అందరూ ఒక్కసారే. గుండు గీసే ఆయన కూడా అన్నాడు.

వీరన్న నొచ్చుకోలేదు. చుట్టూ ఇంకా కదలకుండా నిలబడి ఉన్న జనాన్ని చూశాడు. అందులో ఒకాయన తువ్వాలు నలుపుకుంటూ, "పెద్దాయనా, మాదొక చిన్న గట్టు తగువుండాది, మీదేవూరు?" అని అడుగుతున్నాడు. వీరన్న ముఖం విప్పారింది. పక్కకు జరిగి, చాప మీద అతనికి జాగా ఇచ్చాడు.

"పాపా," అన్నాడు సుధతో, "ఇప్పుడు నాదెంత?"

సుధ అన్న ముఖం చూసింది. ఒళ్లో నున్నటి గుండుతో ఉన్న కొడుకును చూసింది. మెట్ల మీద మొగుడి వీపు చూసింది.

"రెండే, అన్నా."

"రెండే!" అని వీరన్న తృప్తిగా తలాడించాడు. "రెండుకే ఇంత పని జరిగిందంటే, ఆరయితే ఎట్లుంటుందో చూడు!"

సుధ ఒక్క క్షణం నిజంగానే ఊహించి చూసింది. ఆ తరువాత ఇలియాస్ దగ్గర పాచిక అడిగి తీసుకుని, కొంగున గట్టిగా ముడి వేసుకుంది. ఇంకో ఆకు పులిహోర చేతిలో పట్టుకుని, మొగుడు కూర్చున్న మెట్ల వైపు నడిచింది.